గురుగాకు టీచరుగారు

మా సండే స్కూలు టీచరుగారు ప్రభువునందు నిద్రించారని వానాకాలం మొదట్లో ఒక పొద్దున మా అబ్బాయే వచ్చి చెప్పాడు. చెప్పి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తుంటే అంత దుఃఖంలోనూ నా గుండె సంతోషంతో నిండిపోయింది. తప్పుగా అనుకోకండి, ఎందుకో చెప్తాను.

నేను పెద్దగా చదువుకోలేదండీ. వరి పొలాల్లో కూలికి వెళ్ళినవాణ్ణి. కాలవగట్టు మీది మా చర్చిలో ఆదివారం సాయంత్రాలు పెద్దవాళ్ళకి కూడా ఆవిడే ఏసుప్రభువు చెప్పిన కథలు చెప్పేవారు. కథ అవగానే కళ్ళజోడు తీసి, పైటచెంగుతో తుడుచుకుంటూ, "సరే, ఈ కథలో మీరెక్కడున్నారు?" అని అడిగేవారు. మేమంతా ఎప్పుడూ మంచివాళ్ళ పక్కనే ఉండేవాళ్ళం!

ఒకసారి గురుగుల కథ చెప్పారు. గోధుమ పొలంలో శత్రువు గురుగులనే కలుపు విత్తనాలు చల్లిపోతాడు. పీకేయమంటారా అని పనివాళ్ళు అడుగుతారు. వద్దు, గోధుమలు కూడా ఊడొస్తాయి, కోతదాకా రెండూ ఎదగనివ్వండి అంటాడు యజమాని. కోతలో గురుగుల్ని కాల్చేస్తారు. అక్కడ నేను ఉండబట్టలేక లేచాను.

"కాల్చడమేంటండీ టీచరుగారూ? గురుగాకు పప్పులో వేస్తే ఎంత బావుంటుంది!"

చర్చంతా ఒకటే నవ్వులు. "ఈయనకి వాక్యంలో కూడా కూరే కనబడుద్ది" అంది మా ఆవిడ.

టీచరుగారికైతే నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "ఆ గురుగు వేరండీ, మన గురుగు వేరు" అన్నారు. కళ్ళు తుడుచుకుని, "పేరొకటైనంత మాత్రాన మొక్క ఒకటవదుగా. అందుకే ప్రభువు మనకి పీకొద్దని చెప్పాడేమో" అన్నారు. అప్పట్నుంచీ నేనెదురైతే చాలు, "ఏమండీ, ఇవాళ గురుగాకు పప్పేనా?" అని పలకరించేవారు.

తర్వాత మా అబ్బాయి వన్ టౌన్‌లో బస్తాలు మోసే పనికెళ్ళి తాగుడు మరిగాడు. ఒక ఆదివారం తాగొచ్చి ప్రార్థన మధ్యలో నానా మాటలూ అరిచాడు. సంఘ పెద్దలు కూర్చున్నారు. వీణ్ణి సంఘంలోంచి తీసేయాల్సిందే, లేకపోతే మిగతా కుర్రాళ్ళు చెడిపోతారన్నారు. నేను తలెత్తలేకపోయాను. చేతికర్ర ఊతంగా టీచరుగారు లేచారు.

"అయ్యా, గురుగుల కథలో కోసేవాళ్ళెవరు?"

"దేవదూతలమ్మా" అన్నారు సంఘ పెద్ద.

"మరి మనలో ఎవరికన్నా రెక్కలున్నాయా?"

అడిగి ఆవిడే మళ్ళీ అందుకున్నారు.

"మనం పనివాళ్ళమండీ. పీకేయమంటారా అని అడిగినవాళ్ళం. వద్దన్నాడుగా ఆయన!"

మా అబ్బాయి పేరు సంఘంలో ఉండిపోయింది. ఆవిడ వాడికి నీతులేమీ చెప్పలేదు. ఆదివారం పిల్లలకి చాప పరిచే పని మాత్రం అప్పజెప్పారు. "నువ్వు రాకపోతే పిల్లలు మట్టిలో కూర్చుంటార్రా అబ్బాయ్" అన్నారు. వాడు రాని ఆదివారాలు పిల్లలు నిజంగానే మట్టిలో కూర్చున్నారు. టీచరుగారు ఇంకెవర్నీ చాప ముట్టుకోనివ్వలేదు. ఆ మోకాళ్ళ నొప్పులతో ఆవిడా మట్టిలోనే కూర్చునేవారు. ఒకసారి ఆలస్యంగా వచ్చి అది చూశాక వాడు రాకుండా ఉండలేకపోయాడు. ముందు ఆదివారాలు తాగడం మానాడు. తర్వాత మిగతా రోజులు కూడా. దేవునికి స్తోత్రం! ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో నడుపుతున్నాడు.

ఆవిడ పోయిన తర్వాతి ఆదివారం చాప పరిచి, కథ కూడా వాడే చెప్పాడు. చివర్లో ఆవిడ అడిగినట్టే అడిగాడు. ఒక చిన్నపిల్ల, "మరి నువ్వెక్కడున్నావ్ అన్నయ్యా?" అంది. వాడు చాప అంచు సర్దుతూ, "చాప పరుస్తున్నానమ్మా" అన్నాడు. నా కొడుకండీ! గోడ పక్కన నిలబడి విన్న నా ఆనందం ఎలా చెప్పను?

నిన్న ఇద్దరం సమాధి దగ్గరికి వెళ్ళాం. వానలకి కొత్తమట్టి మీద పచ్చగా ఏదో మొలిచింది. శుభ్రం చేద్దామని వంగాను. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ నాన్నా. గురుగు."