వంపు రాకముందే

మొన్న శుక్రవారం మా ఎదురింటి మెకానిక్ బాబాయి కన్నుమూశారు. నేను స్కూల్లో పాఠం చెబుతుండగా మా అత్తయ్య ఫోన్ చేసి, "మీ బాబాయి లేడమ్మా" అని పెట్టేసింది. ఆ రోజు వినుకొండలో మా ఇంటి దాకా బండి ఎలా నడిపానో నాకు గుర్తులేదు. జాగ్రత్తగానే నడిపి ఉంటాను. ఆయన దగ్గర నేర్చుకున్న చేతులు కదా.

ఆరేళ్ల క్రితం నాకు కొండవైపు ఊరికి బదిలీ అయింది. బస్సు వేళలు కుదరక మా ఆయన బైకు తీసుకున్నాను. మొదటి వారంలోనే ఒక వంపులో పడ్డాను. కుక్క అడ్డమొచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పాను. ప్రాణం మీదికొచ్చే ఉద్యోగం మనకొద్దని అత్తయ్య పట్టుబట్టింది.

బాబాయి వచ్చి ముందు నా అరచేతులు చూశారు. పిన్నిని పిలిచి గీరుకుపోయిన చోట మందు రాయించారు. తర్వాత బండి పక్కన కూర్చుని చాలాసేపు చూసి, లేచి, "ఈ మధ్య కుక్కలు చానా ఎక్కువైనాయక్కా" అన్నారు అత్తయ్యతో.

ఆవిడ లోపలికి వెళ్లాక గొంతు తగ్గించారు. "కుక్కా లేదు, ఏం లేదు. వంపులో భయమేసి ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టినావు. ఆదివారం మార్కెట్ యార్డుకి రా."

ఖాళీ యార్డులో ముగ్గుపిండితో వంపు గీసి, నెలరోజుల పాటు ప్రతి ఆదివారం నన్ను దాని మీద తిప్పారు.

"బండి ఒరిగినాక టైరు మలుపు పనిలో ఉంటది తల్లీ. అప్పుడు దానికి బ్రేకు పని కూడా చెప్పమాక. వంపు రాకముందే స్పీడు తగ్గించు."

వంపు మధ్యలో ఏదైనా అడ్డముంటే ఏం చేయాలని అడిగాను. ముందు బండిని నిటారుగా నిలబెట్టి, అప్పుడు రెండు బ్రేకులూ మెల్లగా పెంచుకుంటూ పట్టమన్నారు. ఆయన ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవారు. ఎందుకని అడిగితే, "మాకు చెప్పేవాళ్లు లేరమ్మా" అన్నారు.

ఆ వేసవిలోనే, కొండ దిగే వంపులో పత్తికట్టెల ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. ఆయన చెప్పినట్టే చేశాను. ట్రాక్టరుకు జానెడు దూరంలో బండి ఆగింది.

సాయంత్రం గొప్పగా చెప్పబోతే ఆయన మొహం చిన్నబోయింది. "జానెడేంది? ఇంకా ముందే తగ్గాల." మర్నాడు ఆ దారిన వెళ్తే వంపులో ఎప్పుడూ ఉండే కంకర లేదు. పొద్దున్నే చీపురు తీసుకుని ఆయన బండి మీద వెళ్లారని పిన్ని తర్వాత చెప్పింది.

పోయిన నెల ఆయనకు ఒంట్లో బాగాలేకపోయినా, మా స్కూలు దాటాక ఉన్న దర్గాకి తీసుకెళ్లమని అడిగారు. ఆటో పిలుస్తానంటే వద్దని నా వెనక ఎక్కారు. మొదటి వంపు దగ్గర ఏదో ఒకటి అంటారని చూశాను. ఏమీ అనలేదు. రెండో వంపులోనూ అంతే. వంపు దాటాక అద్దంలో చూశాను. బాబాయి రోడ్డు వైపే చూడటం లేదు. హెల్మెట్ కింద తెల్లగడ్డం గాలికి ఊగుతుంటే, టోపీ గుప్పిట్లో పట్టుకుని, కొండవాలు మీది సీతాఫలం చెట్లను చూస్తూ కూర్చున్నారు.