డుమస్ బీచ్ చూపించిన భర్త

ఈ పోస్టు వల్ల మీ ఇళ్లలో భర్తల పరువు పోతే, సూరత్ తెలుగు మగజాతికి నా ముందస్తు క్షమాపణలు.

కరోనా కాలం కదా, కాన్పు గదిలోకి తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. మందుల్లేకుండా నొప్పి తగ్గించే వీడియోలన్నీ చూసిన మేధావిని కాబట్టి, నడుము రుద్దుతానన్న అత్తమ్మను గేటు దగ్గరే ఆపేసి నేను వెళ్లాను.

"మెల్లగా ఊపిరి తీసుకో. కళ్లు మూసుకుని మన ఊరి డుమస్ బీచ్ ఊహించుకో" అన్నాను.

"నీ బీచ్‌ల మన్నువడ! జర చెయ్యి పట్టుకో" అంది మా ఆవిడ.

పట్టుకున్నాను. మధ్యాహ్నం పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. "నీలాంటి భర్త ఉండాలి" అని అప్పటినుంచీ ఒకటే ఫోన్లు. మీరూ కామెంట్లలో మెచ్చుకోండి, తిట్టండి, కానీ ఇది చదివాకే: నొప్పి వచ్చి ఆమె నా చెయ్యి గట్టిగా పిసికినప్పుడు, నాకు నొప్పేసి వెనక్కి లాక్కున్నాను.