గవరయ్య మావయ్య ఆకలి

గవరయ్య మావయ్యకి ఆకలి వేయని చోటు దక్షిణ అండమాన్ రోడ్ల మీద లేదు. ఎత్తు మొదలైతే ఆకలి, ఎత్తు అయిపోతే ఆకలి, రోడ్డు చదునుగా ఉంటే ఏమీ తోచక ఆకలి. ఆదివారం పొద్దున్నే మా పేట డైరీ ఫార్మ్ నుంచి మేం ముగ్గురం సైకిళ్ళెక్కి వండూర్ వైపు బయల్దేరితే, ఊరు దాటకముందే వెనక నుంచి బెల్లు మోగుతుంది. "ఆగండాగండి. నాకాకలేస్తంది." లోకంలో మనుషులు సైకిలు తొక్కి అలిసిపోయి తింటారు. ఈయన తినడం మధ్యలో కాస్త తీరిక దొరికితే తొక్కుతాడు.

మావయ్య నాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా ఒకే ఆఫీసులో పనిచేశారు, పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. హెడ్ క్లర్కుగా రిటైరయ్యాక సంతకం పెట్టడానికి ఫైళ్ళు లేక సైకిలు పట్టాడు. నల్లటి పాత బండి. వెనక క్యారియర్‌కి తాడుతో కట్టిన టిఫిన్ గిన్నె, అందులో ఉప్పేసి ఉడికించిన కర్రపెండలం. హ్యాండిల్‌కి వేలాడే గుడ్డసంచిలో అరటిపళ్ళు, కొబ్బరి ముక్కలు, వేరుశనగ పట్టీలు. దూరం నుంచి చూస్తే వ్యాయామానికి వెళ్తున్నవాడిలా ఉండడు, వియ్యాలవారింటికి సారె మోస్తున్నవాడిలా ఉంటాడు.

తింటే తిన్నాడు, దానికో సైన్సు కూడా చెబుతాడు.

"అరటిపండు ఎడం కాలికి, బెల్లం కుడి కాలికి. కొబ్బరి మోకాలి చిప్పలోకి పోద్ది, గ్రీజులాగ."

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

"మావయ్యా, తిన్నది తిన్నట్టు కాల్లోకి పోదు. అరిగి రక్తంలో కలుస్తుంది."

"రక్తం కాల్లో లేదేటి?"

"ఉంటుంది, కానీ..."

"మరింకేటి. పోయిందా లేదా చూడు. ఏ గల్లీలోంచి పోయిందో మనకెందుకు?"

పూర్ణచంద్ర మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. మాతో వచ్చే మూడో మనిషి అతనే. బ్యాంకులో ఉద్యోగం. అతని సైకిలుకన్నా దాని మీదకి వేసుకునే బట్టలే ఎక్కువ తళతళలాడతాయి. మావయ్య విషయంలో మా ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం. అది ఆయన ముందు అనదగింది కాదు.

ఇక ఆయన వేగం. వేగం అన్నది మర్యాదకి వాడిన మాట. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ దాటి వెళ్ళిన పాపాన పోలేదు. అందరికన్నా వెనక, ఒకే తీరున, టైపు కొడుతున్నట్టు తొక్కుతాడు. అలా తొక్కుతూ, సరిగ్గా ఎత్తు మధ్యలో మనకి ఊపిరాడనప్పుడు, వెనక నుంచి కబుర్లు మొదలుపెడతాడు.

"అమ్మా కళ్యాణీ, నిన్న ఏం కూర?"

ఎత్తెక్కుతూ కూర సంగతి చెప్పాల్సిన అవసరం భూమ్మీద ఎవరికైనా ఉంటుందా? అయినా పెద్దవాడని చెబుతాను. "వంకా... య... మావయ్యా." అంతే, నా వంకాయ పూర్తయ్యేలోపు బెల్లు. "ఆగండాగండి. వంకాయ అనగానే నాకాకలేస్తంది." ఒకసారి పూర్ణచంద్రకి పిక్క పట్టేసి పళ్ళు బిగించుకుని తొక్కుతుంటే అతన్ని కూడా కూరే అడిగాడు. అతను కూర పేరు కాకుండా మరేదో అన్నాడు. దానికీ ఆకలేసింది ఈయనకి.

దిగాక ఒక పట్టీ విరుస్తాడు. పెద్ద ముక్క పక్కవాళ్ళకిస్తాడు. చిన్న ముక్కతో చెట్ల వైపు తిరిగి నించుంటాడు. నలుగురూ చూస్తుండగా తింటే దిష్టి తగులుతుందట. తారు రోడ్డు మీద, తలకి హెల్మెట్ పెట్టుకుని, ఈ శతాబ్దంలో.

ఆయన భార్య ఎరుకమ్మ అత్తయ్య బాధ వేరు.

"నీకేంటే, ఆదివారంతో ఒదిలిపోద్ది. సోమవారం ఆ చొక్కా ఉతికేది నేను. జేబు నిండా బెల్లమే, చీమలే. ఈ మనిషి బట్టలు నానబెట్టాలంటే ముందు చీమల్ని బతిమాలి పంపాల."

"అంత తిన్నా జేబులో మిగలడమేంటి అత్తయ్యా?"

"కక్కుర్తి. ఇంకేటి."

నేనూ అదే అనుకున్నాను.

ఇంతమాత్రానికి ఒక ముసలాయన మీద ఇంత చిరాకెందుకంటే, దానికి కారణం మా ఇంట్లో ఉయ్యాల్లో ఉంది. మా పాపకి ఇంకా ఏడాది నిండలేదు. అది తుమ్మితే నేను థర్మామీటర్ తీస్తాను. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని తీస్తాను. నా పాలు తప్ప సీసా ముట్టదు. పెళ్ళికి ముందు నేను వండూర్ జెట్టీ దాకా వెళ్ళి ఆగకుండా తిరిగొచ్చేదాన్ని. కాన్పయ్యాక సగం దారి కూడా దాటలేదు. ఒక ఆదివారం తేల్చేసుకుందామనుకున్నాను: మొత్తం వెళ్ళి రావాలి, పాప ఆకలికి లేచేలోపు గుమ్మంలో ఉండాలి. అలా చేయలేకపోతే, లేదా జీపెక్కి రావాల్సి వస్తే, సైకిలు అమ్మేస్తానని మా ఆయన రాజ్‌కిరణ్‌తో చెప్పాను. అతను వద్దన్నాడు. ఒట్టు పెట్టుకున్నది నేను, అతను కాదు.

అందుకే ఒక ప్లాను వేసుకున్నాను. నా బరువు, నా వేగం, దారిలో ఎత్తులు, గంటకి ఎంత పిండిపదార్థం. మెయిన్‌లాండ్ నుంచి ప్యాకెట్లలో జెల్ తెప్పించుకున్నాను, సైకిలు పందేలవాళ్ళు ఓపిక కోసం మింగే తీపి ముద్ద. మణికట్టుకి గుండె కొలిచే వాచీ. ఎక్కడ తినాలో, ఎంత తినాలో అంతా లెక్క. ఆ లెక్కలో వంకాయకి చోటు లేదు.

ఆ రోజు పొద్దున మావయ్య గేటు దగ్గర నించున్నాడు. ముందురోజే దవడపన్ను పీకించుకున్నాడట. చెంప కొబ్బరికాయంత ఉంది, నోట్లో దూది.

ఎరుకమ్మ అత్తయ్య నన్ను చూసి మొదలెట్టింది. "గంజి కూడా చెంచాతో పోస్తన్నాను. సైకిలెక్కుతాడంట. నువ్వైనా చెప్పవే."

"రావద్దు మావయ్యా, రెస్ట్ తీసుకో," అన్నాను. అంత మనస్ఫూర్తిగా నేను ఎవరి ఆరోగ్యం గురించీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన చెయ్యెత్తి రోడ్డు వైపు చూపించాడు. సంచి ఎప్పటిలాగే హ్యాండిల్‌కి ఉంది.

గారాచర్మా దాటకముందే బెల్లు మోగింది. నేను ఆగలేదు. "మీరు తినండి, నేను జెట్టీ దగ్గరుంటాను," అని ముందుకెళ్ళిపోయాను. రెండోసారి మోగింది, అసలు తిరిగి చూడలేదు. ప్లాను ప్రకారం జెల్ మింగాను. పూర్ణచంద్ర కూడా వెనకపడ్డాడు. వండూర్ జెట్టీ చేరి సముద్రం వైపు ఒక్కసారి చూసి ఇంటికి ఫోన్ చేస్తే, పాప నిద్రపోతోందన్నాడు రాజ్‌కిరణ్. మావయ్య వచ్చి ఇంకా స్టాండు వేయకముందే నేను సైకిలు తిప్పాను.

ఆస్టినాబాద్ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి నా కాళ్ళు లేవు. ఉన్నాయి, కానీ ఎవరివో. చెమట ఆగిపోయి ఒళ్ళు చల్లగా ఉంది. వాచీలో అంకెలు అలుక్కుపోతున్నాయి. ప్లాను ప్రకారం నేను చాలా బాగున్నాను. చివరి జెల్ కూడా అయిపోయింది. ఇక జీపు ఆపడమే, సైకిలు దాని పైన కట్టించడమే, ఇంటికెళ్ళేసరికి పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉండడమే అనుకుంటున్నాను.

వెనక నుంచి దూది గొంతు. "మ్మా... నిన్న... ఏం కూ...?"

"బీ..." అన్నాను. బీరకాయలో మిగతాది రాలేదు.

బెల్లు మోగింది. "ఆగు. ఆకలి."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. దిగి సైకిలు మీద వాలిపోయి అరిచాను. "ఆకలేంటి మావయ్యా? నోరు తెరిచే దారి లేదు నీకు."

"ఆకలి కడుపులో ఉంటది," అన్నాడు దూదిలోంచి. "నోట్లో ఉండదు."

అప్పటికే పట్టీ విరిచేశాడు. పెద్ద ముక్క నా చేతిలో పెట్టి, చిన్న ముక్కతో చెట్ల వైపు తిరిగాడు. నేను తిన్నాను. అరటిపండు తిన్నాను. కర్రపెండలం గిన్నె మూత తీసి ఉప్పుతో సహా తుడిచేశాను. మావయ్యతో పాటే వచ్చిన పూర్ణచంద్ర తన సీసాలో నీళ్ళిచ్చాడు. ఈసారి మొహం తిప్పుకుని నవ్వలేదు.

కాసేపటికి కళ్ళు తేటపడ్డాయి. తేటపడ్డ కళ్ళకి మొదట కనిపించింది చీమలు. మావయ్య చొక్కా జేబులోంచి భుజం మీదుగా వరసగా వెళ్తున్నాయి. ఆయన ఇంకా అటే తిరిగి ఉన్నాడు. వెనక నుంచి చూస్తే వాచిన చెంప చెవి పక్కనుంచి కనబడుతోంది. అది కదలడం లేదు.

"మావయ్యా, అటు తిరిగి ఏం నములుతున్నావు?"

"దిష్టి," అన్నాడు.

"ఎప్పుడైనా ఒక్క ముక్క తిన్నావా నువ్వు? ఇన్ని ఆదివారాల్లో?"

"పొద్దున్న మీ అత్తయ్య గంజి తాగించింది కదమ్మా. ఎన్నిసార్లు తింటారు మనుషులు?"

అప్పుడు నా లెక్క గుర్తొచ్చింది. బరువు ఉంది, వేగం ఉంది, ఎత్తులున్నాయి. ఉయ్యాల్లో ఉన్నది మాత్రం లేదు. దాని పాలు ఎక్కడి నుంచి వస్తాయో పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసేదాన్ని. మావయ్యకి ఆ సంగతి చెప్పాను, తల్లిపాలకి ఎంత శక్తి ఖర్చవుతుందో వివరంగా. ఆయన శ్రద్ధగా విని, దూది సర్దుకుని, "అయితే అమ్మా, పాలకి ఎడం కాలా, కుడి కాలా?" అన్నాడు. ఆయన సైన్సు బాగుపడదు. ఆ ఆశ నాకు లేదు.

మిగిలిన ఎత్తు నెమ్మదిగా, టైపు కొడుతున్నట్టు ఎక్కాను. ఇంటి గుమ్మంలో రాజ్‌కిరణ్ పాపని భుజానేసుకుని నించున్నాడు. అది అప్పుడే కళ్ళు నలుపుకుంటూ, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తోంది. హెల్మెట్ తీయకుండానే తీసుకున్నాను.

తర్వాతి ఆదివారానికి మావయ్య చెంప మామూలైంది. అదే ఎత్తు దగ్గర నేను కావాలనే వెనకపడి, ఆయన పక్కకి వచ్చాను.

"మావయ్యా, నిన్న ఏం కూర?"

"బెం..." అన్నాడు. "డకా..."

నేను బెల్లు కొట్టాను. "ఆగండాగండి. నాకాకలేస్తోంది."

మావయ్య దిగి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడే కదే తిన్నావు? ఈ కాలం పిల్లలకి ఏటో ఓపికే లేదు." గొణుక్కుంటూ పట్టీ విరిచాడు. ఈసారి పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టాను. చెట్ల వైపు తిరిగాడు. నేను కూడా చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన ఎదురుగా నించున్నాను.

"దిష్టి తగులుద్దే."

"తగలనీ."

నమిలాడు. గొంతు కదిలేదాకా చూశాను.

సోమవారం ఎరుకమ్మ అత్తయ్య ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"ఏమే కళ్యాణీ, మీ మావయ్యకి ఒంట్లో బాగోలేదేటి? జేబులో ఒక్క చీమ లేదు."