మౌస్ కదలని ఉదయాలు

మా ఆవిడకు మాట పడిపోయాక కంప్యూటరే ఆమె నోరయింది. అందుకని పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు తెర మీద బాణం గుర్తు కదలకపోతే నేను మిగతా పనులన్నీ వదిలేసేవాణ్ణి. ఇంకొకరి ఇంట్లో అయితే అది చిన్న రిపేరు. ఎవరినో పిలుస్తారు, కాఫీ తాగుతూ ఎదురు చూస్తారు. మా ఇంట్లో ఆ మౌస్ పని చేసేదాకా ఆమెకు దాహమేస్తోందో నడుము నొప్పెడుతోందో కూడా నాకు తెలిసేది కాదు.

పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య కాలవ పక్కన మా ఇల్లు. నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె మిషన్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. పుట్టింది మొగల్తూరు దగ్గర. సముద్రపు గాలికి అరుచుకుంటూ పెరిగానని, అందుకే తనకంత గొంతొచ్చిందని చెప్పుకునేది. ఆదివారం చర్చిలో ఆమె కీర్తన ఎత్తుకుంటే బయట చెప్పులు విడుస్తున్నవాళ్లు అక్కడినుంచే అందుకునేవారు. మాకు పిల్లలు లేరు. అయినా ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నట్టు నాకెప్పుడూ గుర్తులేదు. వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే వీధిలో చేపలమ్మే ఆవిడతో బేరమాడేది.

జబ్బు ముందుగా ఆ గొంతునే పట్టుకుంది. ఒక ఆదివారం కీర్తన మధ్యలో ఆమెకు 'ర' పలకలేదు. పుస్తకం మూసేసి కూర్చుంది. ఇంటికొచ్చాక "నాలుక తిరగట్లేదండీ, మందంగా ఉంది" అంది. పంటినొప్పి అనుకున్నాం, గొంతు గరగర అనుకున్నాం. చివరికి రాజమండ్రిలో నరాల డాక్టరు మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"ఒంట్లో కండరాలు ఒకదాని తర్వాత ఒకటి బలం పోగొట్టుకుంటాయమ్మా. దీన్ని ఆపే మందు లేదు."

"మరి బుర్రండీ?" అని అడిగింది ఆమె, ముద్దముద్దగా.

"బుర్రకేం కాదు. అన్నీ తెలుస్తూనే ఉంటాయి."

తిరుగు బస్సు గోదావరి వంతెన దాటుతుంటే ఆమె నా వైపు తిరిగి, "అదే కదండీ కష్టం" అంది. ఆ తర్వాత ఆమె మాట నాకు రోజురోజుకీ అర్థం కాకుండా పోయింది. కొన్నాళ్లు పలక మీద రాసింది. బడిలో గుండ్రంగా అక్షరాలు దిద్దించిన చెయ్యి. ఆ వేళ్లకీ బలప్పుల్ల నిలవని రోజొచ్చింది.

ఆమె బడిలోనే కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ ఉంది. మా ఆవిడంటే ప్రాణం పెట్టేది. ఆ అమ్మాయే బడిలో పక్కన పడేసిన ఒక కంప్యూటర్‌ని హెడ్మాస్టరుగారినడిగి మా ఇంటికి తెచ్చి బిగించింది. తెర మీదే తెలుగు కీబోర్డు కనిపించేలా చేసింది. మౌస్‌తో బాణాన్ని అక్షరం మీదికి తీసుకెళ్లి వేలితో నొక్కితే అక్షరం పడుతుంది. మాట పూర్తయ్యాక కంప్యూటర్ దాన్ని పైకి చదువుతుంది. అప్పటికి మా ఆవిడకు కుడిచెయ్యి మణికట్టు కొద్దిగా తిరిగేది, చూపుడువేలు నొక్కగలిగేది. మొదట రాసిన మాట "ఏమండీ". కంప్యూటర్ దాన్ని రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంటులాగా 'ఏ', 'మండీ' అని విరిచి చదివింది. ఆమె చప్పుడు లేకుండా ఊగిపోతూ నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎన్ని నెలలకో ఆ ఇంట్లో నన్ను మళ్లీ ఏమండీ అని పిలిచారు.

ఆ రోజు రెండో మాట "కూరలో ఉప్పెక్కువైంది."

వానాకాలం మొదలయ్యాక మౌస్ గొడవ మొదలైంది. రాత్రి చక్కగా పనిచేసిన మౌస్, పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేసేసరికి చచ్చినట్టు పడి ఉండేది. దాని అడుగున వెలగాల్సిన ఎర్రలైటు వెలిగేది కాదు. బాణం తెర మధ్యలో అలాగే నిలబడేది. నేను బల్ల కిందికి దూరి, వైరు ఊడదీసి మళ్లీ గుచ్చితే లైటొచ్చేది. పాలకొల్లు వెళ్లి కొత్త మౌస్ తెచ్చాను. అదీ అంతే. ముందువైపు గుచ్చేదాన్ని వెనకవైపుకు మార్చాను. ఒక పూట బాగుండేది, మర్నాడు మళ్లీ మామూలే.

ఒకసారి నేను మోకాళ్లు పట్టుకుని బల్ల కిందినుంచి లేచేసరికి ఆమె రాసి పెట్టింది: "మీరు బల్ల కింద దూరడం చూడ్డానికే పొద్దున్నే లేస్తున్నాను."

"నీకు తమాషాగానే ఉంటుంది" అన్నాను.

"ఇంకేం తమాషాలున్నాయండీ నాకు" అని చదివింది కంప్యూటర్.

ఒక పొద్దున్న వైరు ఊడదీసి గుచ్చినా లైటు రాలేదు. వెనకాల ఉన్న అన్ని చోట్లా గుచ్చి చూశాను. ఆమె కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. ఆ చూపు రోజూలాగా లేదు. ఏదో చెప్పాలి, వెంటనే చెప్పాలి అన్నట్టుంది.

"కాఫీయా?" అన్నాను. చెంచాతో పెట్టబోతే పెదవులు బిగించేసింది. "వేడిగా ఉందా? చల్లార్చనా?" అన్నాను. కళ్లు మూసుకుంది. నడుం కింద దిండు సర్దాను. ఫ్యాను తగ్గించాను. బాత్రూమా అని అడిగాను. ఏదీ కాదు. పలక తెచ్చి అక్షరాలు రాసి, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, "ఇదైతే రెప్పలు గట్టిగా ముయ్యి" అన్నాను. ఎంతోసేపటికి 'మి' దొరికింది. "మినపట్టు తింటావా?" అన్నాను. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవదు కదా, నేనే తుడిచాను.

టీచరమ్మకు ఫోన్ చేశాను. బడికి బయల్దేరబోతోందట.

"సార్, ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి."

"రాత్రి ఆపేశాను కదమ్మా, మళ్లీ ఇప్పుడే కదా ఆన్ చేసింది?"

"షట్ డౌన్ వేరు సార్. అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. రీస్టార్ట్ అయితే అన్నిటినీ మొదటినుంచి వెతుక్కుంటుంది."

"మౌస్ లేకుండా ఎలాగమ్మా?"

"కీబోర్డుంది కదండీ. తెరిచినవన్నీ మూసేసి, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ ఫోర్ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. కింది బాణంతో రీస్టార్ట్ దగ్గరికొచ్చి ఎంటర్ కొట్టండి."

తెర నల్లబడింది, మళ్లీ వెలిగింది. మౌస్ కింద ఎర్రలైటొచ్చింది. ఆమె చేతిని తీసి దాని మీద పెట్టాను. బాణం మెల్లగా కదిలింది. అక్షరం తర్వాత అక్షరం పడుతుంటే పక్కన నిలబడి చదువుతున్నాను.

"మింగలేకపోతున్నానండీ."

ఆ వెనకే ఇంకొకటి రాసింది. "భయంగా ఉంది."

ఉప్పెక్కువైంది అని ఏ గొంతుతో చదివిందో కంప్యూటర్ దాన్నీ అదే గొంతుతో చదివింది.

ఆ మధ్యాహ్నమే కారు మాట్లాడుకుని రాజమండ్రి తీసుకెళ్లాను. పొట్టలోకి గొట్టం వేశారు. ఇక నోటి ద్వారా ఏదీ పెట్టొద్దన్నారు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె కంటిరెప్పలతోనే అవును కాదు చెప్పింది. మేము తిరిగొచ్చేసరికి టీచరమ్మ కంప్యూటర్‌ని బాగుచేసి పెట్టింది. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుందట, తొందరగా ఆన్ అవడానికి. దానివల్లే మౌస్‌ని గుర్తుపట్టడం మానేసిందట. దాన్ని తీసేసింది.

"ఇక ఆన్ అవడానికి కాస్త ఆలస్యమవుతుంది సార్, కానీ మౌస్ మాత్రం ఆగదు."

నిజంగానే ఆగలేదు. ఆ చలికాలమంతా మేము పొద్దున్నే కబుర్లు చెప్పుకున్నాం. చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిల్ మీద సముద్రానికి తీసుకెళ్లేవాడని, కెరటమొస్తే ఆయన పంచె పట్టుకుని ఏడ్చేదాన్నని రాసింది. ఇన్నేళ్లూ నాకు చెప్పిందేమో కెరటాలకు ఎదురెళ్లేదాన్నని. "ఇప్పుడెందుకు నిజం చెప్పావు?" అన్నాను. "అబద్ధాలకి అక్షరాలెక్కువ పడతాయండీ" అని రాసింది.

రానురాను ఆ రాతా కురచైంది. ముందు ఒత్తులు పోయాయి. తర్వాత గుణింతాలు పోయాయి. గొట్టంలో పోసే నీళ్లకు 'న' మిగిలింది, నన్ను పిలవడానికి 'ఏ' మిగిలింది. నాకర్థమయ్యేది. ఆఫీసులో చెదలు తిన్న పాత కాగితాలు చదివిన కళ్లు నావి.

రెండో పంట దాళ్వా కోతలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న మళ్లీ బాణం కదల్లేదు.

"చూశావా, మళ్లీ మొదలెట్టింది" అన్నాను. "ఉండు, ఇప్పుడే చూస్తాను." బల్ల కిందికి దూరాను. వైరు ఊడదీసి గుచ్చాను. వేరే చోట గుచ్చాను. ఆల్ట్, ఎఫ్ ఫోర్ కొట్టి రీస్టార్ట్ చేశాను. ఆమె చేతిని తీసి మౌస్ మీద పెట్టాను. బాణం అలాగే ఉంది. మళ్లీ చేశాను. టీచరమ్మకు ఫోన్ చేశాను.

"లైటు వెలుగుతోందా సార్?"

"వెలుగుతోందమ్మా."

"అయితే మీరొకసారి కదిపి చూడండి."

ఆమె చేతిని పక్కకు జరిపి మౌస్ పట్టుకున్నాను. బాణం తెరంతా పరుగెత్తింది.

"కదిలిందా సార్?"

"కదిలింది."

"హమ్మయ్య" అంది ఆ అమ్మాయి. ఆ వెంటనే తనకూ తెలిసిపోయింది. "సార్..." అంది. నేను ఫోన్ పెట్టేశాను.

మా ఆవిడ నన్నే చూస్తోంది. తన వేలి సంగతి నిద్ర లేచినప్పటినుంచీ తనకు తెలుసు. నేను బల్ల కింద వెతుకుతుంటే, మౌస్‌ని తిడుతుంటే, మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేస్తుంటే, అది కాదండీ అని చెప్పడానికి ఆమెకు దారి లేకపోయింది.

పలక తీసుకున్నాను. ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టాను. 'క' దగ్గర రెప్పలు మూసింది. గుణింతంలో 'కూ' దగ్గర మూసింది. తర్వాత 'ర'. "కూరా? కూర సంగతేంటి?" అన్నాను. కాదంది. "నిన్ను సరిగ్గా కూర్చోబెట్టనా?" కాదంది. నాకు తోచలేదు. చాలాసేపటికి, "నన్నా? నన్ను కూర్చోమంటున్నావా?" అన్నాను. ఆమె రెప్పలు గట్టిగా మూసి తెరిచింది.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆమె చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. ఆ రోజు కంప్యూటర్ జోలికి మళ్లీ పోలేదు.

ఆ తర్వాత ఆమె ఎన్నాళ్లో లేదు. ఊపిరి అందక, నిద్రలోనే వెళ్లిపోయింది. చర్చిలో అయ్యగారు ప్రార్థన చేశాక కీర్తన ఎత్తుకోవాల్సి వచ్చింది. క్వాయిర్ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఎవరో కిందిశ్రుతిలో మొదలెట్టారు. మిగతావాళ్లు దానికి సర్దుకుని పాడారు.

కొన్ని వారాలకు టీచరమ్మ వచ్చింది. కంప్యూటర్ బడికి కావాలని అడగడానికి మొహమాటపడుతుంటే నేనే తీసుకెళ్లమన్నాను.

"ఇందులో టీచరుగారు రాసినవేమైనా దాచుకుంటారా సార్?"

"ఏమీ ఉండవమ్మా. ఏ రోజుకారోజు ఖాళీ చేసేసేది. మాట్లాడింది, అంతే."

ఆ అమ్మాయి అయినా ఒకసారి వెతికింది. నిజంగానే ఏమీ లేదు. వైర్లు చుట్టి, తెరకు పాత దుప్పటి కప్పి, ఇద్దరం కలిసి ఆటోలో పెట్టాం. "వెళ్లొస్తాను సార్, భోజనం మానకండి" అంది. అలాగేనన్నాను. ఆటో కాలవ వంతెన మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి, లోపలికొచ్చి, బల్ల మీద కంప్యూటర్ ఉన్న చోట పేరుకున్న దుమ్ము తుడిచాను.