నాయన క్లారినెట్ గోడకెక్కదు

నాయన పోయినప్పటి నుంచి అటక మీదున్న క్లారినెట్ పెట్టెను నిన్న మా తమ్ముడు దించినాడు. మూత తీస్తూనే కొబ్బరినూనె, పాత ముఖమల్ గుడ్డ కలిసిన వాసన కొట్టింది. మన ఈడోళ్లకు గుర్తుంటాది, ఉరవకొండలో పెండ్లి ఊరేగింపంటే ముందర మా నాయన బ్యాండే నడిచేది. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు.

ఆ క్లారినెట్ నేనూ ఊదేదాన్ని. నాయనే నేర్పినాడు. నేను పెద్దమనిషయిన వారానికే పెట్టెకు తాళమేసినాడు. "ఆడపిల్ల ఊదితే సంబంధాలు రావు, పోమ్మా" అన్నాడు. నేను గడప మీద కూచోని ఏడుస్తాంటే, తమ్మునికి నేర్పినాడు. వానికి ఒక్క పాటా పట్టుబడలేదు.

ఇప్పుడు వాడే అంటాడు, "పాలిష్ చేయించి హాల్లో గోడకు తగిలిస్తామక్కా. ఫోటోల్లో బాగుంటాది."

ఒళ్లు మండింది. "గోడకా? ఏమప్పా, అది బొమ్మనుకున్నావా?"

"మరి ఈ ఇంట్లో ఊదేదెవరక్కా?"

ఆ మాటకు ఇంకా మండింది. ఇన్నేండ్లలో ఒక్కరన్నా నన్నడిగినారా?

పెట్టె లాక్కోని అనంతపురం బస్సెక్కినా. రిపేరు చేసే ఆయన బిగుసుకుపోయిన మీటలు నొక్కి చూసి, "బాగవుతాది. ఎవరికమ్మా, మనవనికా?" అన్నాడు.

"నాకే" అన్నా, అంగట్లో అందరికీ వినబడేటట్టు.