నారుమడికి కప్పిన దోమతెర

గుంటూరు మిరపకాయ అనగానే మురిసిపోయేవాళ్ళున్నారు. వాళ్ళ ముందు నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. ఆ మిరప నారును ఎంత అపురూపంగా పెంచుతారో నేను దగ్గరుండి చూశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము మార్కాపురం వైపు నుంచి గుంటూరు పత్తిచేలకు కలుపు తీయడానికి వలస వచ్చేవాళ్ళం. అమ్మ, నేను, అయిదేళ్ళ చెల్లెలు. నాన్న అప్పటికే పోయాడు. ఆసామి చేని గట్టు మీద ప్లాస్టిక్ పట్టా కట్టుకుని అందులోనే ఉండేవాళ్ళం. పక్కనే కాలవ, వానాకాలం, లెక్కలేనన్ని దోమలు.

ఆ ఏడు మలేరియా ముదిరిందని సర్కారువాళ్ళు మందు పట్టించిన దోమతెరలు ఉచితంగా పంచారు. ఆ ఊరి రేషన్ కార్డు ఉన్నవాళ్ళకే. మా కార్డు మా ఊళ్ళో ఉంది, మేమేమో ఇక్కడున్నాం. గోడలకు మందు కొట్టేవాళ్ళు కూడా వచ్చారు గానీ, పట్టాకు గోడేదీ అంటూ మమ్మల్ని దాటిపోయారు. ఇప్పుడు మలేరియాకు టీకా వచ్చిందని టీవీలో చెబుతుంటే, అది ఎవరి గడప ఎక్కుతుందో ఎవరిని దాటిపోతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆసాముల ఇళ్ళలో కిటికీలకు జాలీలున్నాయి, మంచాల మీద ఫాన్లున్నాయి. అయినా ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటారా? తెరలన్నీ పొలానికి చేరాయి. వెదురుబద్దలు వంచి మిరప నారుమళ్ళ మీద కప్పారు. తెల్లదోమ అనే పురుగు వాలితే నారుకు ముడత రోగం వస్తుంది మరి. మొక్క దగ్గరికొస్తే ఆ ఊళ్ళో అందరూ డాక్టర్లే.

అమ్మ వెళ్ళి ఆసామిని అడిగింది.

"అయ్యా, పిల్లల్ని దోమలు పీక్కు తింటన్నయ్యి. రాత్రిపూట ఒక్క తెర ఇప్పించండి. తెల్లారగానే మళ్ళీ నారు మీద కప్పేస్తాను."

"నారు ముడత పడితే నా ఏడాదంతా పోద్దే! పిల్లలకి జొరాలు వస్తయ్యి, పోతయ్యి. పో, పోయి పని చూసుకో."

చెల్లెలికి చలిజ్వరం వచ్చింది. వచ్చింది గానీ పోలేదు. సర్కారు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, వేలు గుచ్చి రక్తపుచుక్క గాజుపలక మీద పట్టుకెళ్ళింది. ఏం జ్వరమో పట్నం నుంచి కబురు రావాలని చెప్పి, ఈలోపు వేయమని మాత్రలిచ్చింది. మలేరియా అని కబురు వచ్చేసరికి చెల్లెలు లేదు. కాలవగట్టునే పూడ్చిపెట్టాం.

అమ్మ మళ్ళీ పనిలోకి దిగింది. దిగకపోతే ఏం తింటాం? అప్పుడు నారు పీకి నాటే పని. ఒక్క మొక్కకైనా ముడత లేదు. నిగనిగలాడుతున్న ఆ నారును కాళ్ళతో తొక్కేయాలనిపించింది నాకు.

నాట్లు అయ్యాక ఆసామి ఒక తెర చుట్టి తెచ్చి మా పట్టా ముందు పడేశాడు.

"ఇక దీంతో పనిలేదులే, వాడుకోండి."

ఆ ముఖంలో దానం చేసిన తృప్తి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అమ్మ దాన్ని కాలవలోకి విసిరికొడుతుందనుకున్నాను. విసరలేదు. పొద్దు గుంకకముందే నాలుగు కర్రలు పాతి కట్టింది. అందులో పడుకోనని నేను మొండికేశాను. వీపు మీద రెండు చరిచి లోపలికి నెట్టింది. తెర అంచులకు నారుమడి మట్టి ఇంకా అంటుకునే ఉంది. ఇద్దరు పిల్లలు హాయిగా పట్టేంత తెర అది.