మడిచిన మూల

బెంగళూరు నర్సింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పిన మేడం, పేపర్లు దిద్దే ముందు ప్రతి పేపరు పై మూలనూ పేరు కనపడకుండా మడిచి పిన్ను కొట్టేవారు. ఎందుకని అడిగితే, "పేరు చూస్తే మనసు ఒక పక్కకి ఒరుగుతాదమ్మా" అనేవారు. మాకు నవ్వొచ్చేది.

ఫైనలియర్‌లో బొమ్మ మీద చేసే ప్రాక్టికల్ పరీక్షలో, కాలేజీ ఓనర్ల బంధువులమ్మాయి ఇవ్వాల్సినదానికి పదింతల ఇన్సులిన్ పొడిచింది. మేడం ఫెయిల్ చేశారు. ప్రిన్సిపాల్ మా ముందే అడిగాడు.

"బొమ్మే కదా మేడం, ఏమాయె? పాస్ చేసేయండి."

"ఈ పొద్దు మంచం మింద బొమ్మ ఉండాది సార్. రేపు మనిషి ఉంటాడు."

నెల తిరక్కుండానే ఆవిడ కుర్చీ ఖాళీ అయింది. ఆ అమ్మాయి పాసయింది.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆవిడలాగే మూలలు మడిచి, పిన్ను కొట్టి, న్యాయంగానే దిద్దుతాను. తర్వాత ఆఫీసు నుంచి, పాస్ కావాల్సినవాళ్ళ పేర్లతో చీటీ వస్తుంది. నేను ఇంతవరకూ ఎదురు చెప్పలేదు. ఒక్కో పిన్నూ ఊడబీకి, పేర్లు వెతికి, మార్కులు దిద్దుతాను.

గోళ్ళు విరుగుతున్నాయని ఈమధ్య పిన్నులు మానేసి క్లిప్పులు పెడుతున్నాను.